పేనుబంకను చంపిందెవరు?

మెట్ల మీద ఎవరైనా పరుగెత్తుకొస్తున్న చప్పుడు వింటే తోకయ్యకు ప్రాణం లేచివస్తుంది. పరుగెత్తుకొచ్చేవాళ్ళ దగ్గర మంచి కేసు ఉంటుందని అతని నమ్మకం. నింపాదిగా వచ్చేవాళ్ళవన్నీ తప్పిపోయిన కుక్కపిల్లల కేసులే.

ఆ ఉదయం వచ్చినావిడ పరుగెత్తుకుంటూనే వచ్చింది. అరవై దాటిన మనిషి. ఇస్త్రీ మడత నలగని బట్టలు, ముక్కు చివరికి జారిన కళ్ళజోడు, చేతిలో తెల్ల రుమాలులో చుట్టిన ఏదో వస్తువు. దాన్ని బల్ల మీద పెట్టి, రుమాలు విప్పి, వెనక్కి జరిగింది. చూస్తే కీరదోసకాయ.

"ఇదేనండీ ఆయుధం," అంది. "దీనికీ దీని చుట్టాలకీ ముగ్గురు పడిపోయారు."

తోకయ్య కూడా వెనక్కి జరిగాడు. బల్ల అవతల కూర్చున్న ఆరాలమ్మ మాత్రం ఆ కాయను చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, మళ్ళీ రుమాలులో పడుకోబెట్టింది.

ఆరాలమ్మకు అసలు పేరు వేరే ఉంది గానీ అది ఆమెకే సరిగ్గా గుర్తున్నట్టు లేదు. ఇన్సూరెన్సు కంపెనీలో క్లెయిములు విచారించే రోజుల్లో ప్రతిదానికీ ఆరా తీసేదని తోటి ఉద్యోగులు వెటకారంగా పెట్టిన పేరది. ఉద్యోగం మానేసి డిటెక్టివ్ ఆఫీసు తెరిచినప్పుడు ఆ వెటకారాన్నే బోర్డు మీద పెద్దక్షరాలతో రాయించుకుంది. ఆమె వెనకే తిరుగుతాడు గనక సహాయకుడికి తోకయ్య అనే పేరు వచ్చింది. తోక లేని గాలిపటం గింగిరాలు కొడుతుందని అతను తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

"కూర్చోండి. ముందు మంచినీళ్ళు తాగండి. పడిపోయినవాళ్ళు లేచారా, లేదా?" అని అడిగింది ఆరాలమ్మ.

"లేచారు. లేచి నన్ను తిడుతున్నారు."

"అయితే హత్య కాదన్నమాట," అన్నాడు తోకయ్య, కొంచెం నిరాశగా.

ఆవిడ రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. నీళ్ళు తాగి, క్లాసులో పాఠం చెప్పినట్టు వరుసగా చెప్పుకొచ్చింది. మేడ మీద కుండీల్లో కూరగాయలు పెంచుతుంది. లెట్యూస్, కీరా, మిరప, టమాటా అన్నీ ఉన్నాయి. రసాయనాలు దగ్గరికి రానివ్వదు. ఆకులు తినే గొంగళి పురుగులకు మాత్రం బీటీ పొడి చల్లుతుంది. అది విషపు మందు కాదు, ఒకరకం బ్యాక్టీరియా. ఆదివారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదికీ, పక్కింటి టైలరుకూ తన తోటలోని ఆకులూ కాయలతో పెద్ద గిన్నెడు సలాడ్ చేసి పెట్టింది. కొడుకు, కోడలు, టైలరు తిన్నవాళ్ళు తిన్నట్టే కూలబడ్డారు.

"నా కోడలు ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేస్తుంది. 'అత్తయ్యా, మీరు మాకు బ్యాక్టీరియా వడ్డించారు' అంది. మా అబ్బాయి ఈ సాయంత్రానికి బండి మాట్లాడాడు. కుండీలన్నీ దించేస్తాడట." ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "కుండీలు పోతే పోనీండి. నా మనవరాలు రోజూ బడి నుంచి రాగానే నా చేతి టమాటా తింటుందండీ. ఆదివారం స్నేహితురాలింటికి వెళ్ళి బతికిపోయింది. ఇప్పుడు అమ్మ ముఖం చూసి గానీ నా చేతిలోది ముట్టుకోవడం లేదు. పిల్లలకు నలభై ఏళ్ళు పాఠాలు చెప్పినదాన్ని, నా ఇంటి పిల్ల నన్ను చూసి జంకుతోంది. నేను విషం పెట్టానో లేదో నాకే తెలియాలి. పెట్టి ఉంటే ఆ కుండీలు నేనే దించుతాను."

ఆరాలమ్మ ఆవిడ వంకే చూసింది. తోకయ్యకు ఆ చూపు తెలుసు. కేసు తీసుకున్నట్టే.

"తిన్నాక ఎంతసేపటికి కూలబడ్డారు?"

"ఐస్‌క్రీం గిన్నెలు తేవడానికి నేను లోపలికి వెళ్ళానండీ. తెచ్చేసరికి ముగ్గురూ వంకర్లు తిరిగిపోతున్నారు. నోట్లో నీళ్ళూరడం, చెమటలు, కళ్ళు తిరగడం, వాంతులు. సాయంత్రానికి తేరుకున్నారు."

"మీరు?"

హెడ్‌మిస్ట్రెస్ తల దించుకుంది. "నేను అందరికీ వడ్డించి ఆఖరున తింటాను. అప్పటికింకా తినలేదు. మా అబ్బాయి దాన్నే పట్టుకున్నాడు. 'నువ్వెందుకు తినలేదమ్మా?' అని."

"మందు ఎప్పుడు చల్లారు?"

"ముందు రోజు సాయంత్రం. ఎండలో చల్లితే ఆ బ్యాక్టీరియా బతకదు. కుళాయి నీళ్ళలోని క్లోరిన్ కూడా దానికి పడదు. అందుకని నీళ్ళు డ్రమ్ములో పట్టి ఒక రోజంతా నిలవ ఉంచి, తర్వాత పొడి కలిపి, గుడ్డలో వడకట్టి చల్లుతాను. ఎప్పటినుంచో ఇదే పద్ధతి. ఎవరికీ ఎప్పుడూ తుమ్ము కూడా రాలేదు. అందులోనూ ఈసారి మందు ఎంత బాగా పనిచేసిందనుకున్నారు! గొంగళి పురుగులే కాదు, మిరప మొక్కల్ని పట్టి పీడిస్తున్న పేనుబంక పురుగు కూడా చచ్చి ఊరుకుంది."

ఆరాలమ్మ కుర్చీలోంచి లేచింది. ఆవిడ లేస్తే కుర్చీ కూడా ఊపిరి పీల్చుకున్నట్టు కిర్రుమంటుంది. "తోకయ్యా, భూతద్దం తీసుకో. పేనుబంక చచ్చిందట."

పేనుబంక చస్తే తమకేమిటో తోకయ్యకు అర్థం కాలేదు. అయినా భూతద్దం తీసుకున్నాడు.

దారిలో ఆవిడ బీటీ పొడి కొన్న విత్తనాల షాపు దగ్గర ఆగారు. షాపాయన మీదే తోకయ్య మొదటి అనుమానం. కల్తీ పొడి అమ్మి ఉంటాడని గట్టిగా నిలదీశాడు. షాపాయన కోప్పడలేదు. ఆవిడ కొన్న డబ్బా వచ్చిన పెట్టెలోదే మరో డబ్బా తెచ్చి, అందులోని పొడినే తన షాపు ముందున్న క్యాబేజీకి చల్లుతున్నానని చూపించాడు. క్యాబేజీ మీద గొంగళి పురుగులు వేలాడుతూ చచ్చి ఉన్నాయి. పక్కనే పేనుబంక మాత్రం పిల్లాపాపలతో సుఖంగా కాపురం చేస్తోంది.

"దీనికి ఈ మందు పనిచేయదా?" అని అడిగింది ఆరాలమ్మ.

"పేనుబంకకా? చేయదండీ. పొడి పడ్డ ఆకును నమిలి మింగిన గొంగళి పురుగులే చస్తాయి. పేనుబంక ఆకు తినదు, రసం పీలుస్తుంది. దానికి ఇది లెక్కే కాదు."

డబ్బా మీది చిన్న అక్షరాలను ఆరాలమ్మ భూతద్దంతో ఆఖరు దాకా చదివింది. మందు చల్లేటప్పుడు మూతికీ చేతులకూ తొడుగులు వేసుకోవాలని, కోసిన కాయలూ ఆకులూ తినేముందు బాగా కడగాలని రాసి ఉంది. చదివి డబ్బా తిరిగి ఇచ్చేసింది. తన మొదటి అనుమానం అక్కడే నీరుగారిపోయినందుకు తోకయ్య దారంతా ముభావంగా నడిచాడు.

హెడ్‌మిస్ట్రెస్ ఇంటి గుమ్మంలో ఆవిడ భర్త ఎదురొచ్చాడు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైనాయన. రైలు లేకపోయినా గార్డుతనం పోలేదు. నోట్లో లవంగం నములుతూ, పచ్చజెండా ఊపినట్టు చేయి ఊపి వాళ్ళను లోపలికి పంపాడు.

"మా ఆవిడ తోటలో విషమా? నాన్సెన్స్!" అన్నాడు ఛాతీ విరుచుకుని. "నేను రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను. నాకేమైంది? గుండ్రాయిలా ఉన్నాను. ఈ కాలం పిల్లల కడుపులు కాగితం సంచులండీ, మంచి ఆకు పడితే చిరిగిపోతాయి."

"రెండుసార్లా?" అంది ఆరాలమ్మ.

"మూడోసారి అడిగేలోపే గొడవ మొదలైంది."

భార్య అతని వైపు చూసిన చూపులో ప్రేమా కృతజ్ఞతా పొంగిపొర్లాయి. లోకమంతా ఎదురు తిరిగినా ఈయనొక్కడు తన పక్కన నిలబడ్డాడు. తోకయ్యకే కళ్ళు చెమర్చాయి. పెళ్ళంటూ చేసుకుంటే ఇలాంటి భర్తనే అవ్వాలనుకున్నాడు.

కొడుకు ఆడిటర్. కూడికలు తప్ప మాటలు నమ్మని మనిషి. "చల్లింది అమ్మ. కోసింది అమ్మ. వడ్డించింది అమ్మ. తిననిది అమ్మ. ఇంకేం విచారిస్తారు మీరు?" అన్నాడు.

"మీ నాన్నగారు తిన్నారు, ఏమీ కాలేదు. అది మీ కూడికలో ఎక్కడ వేశారు?"

ఆడిటర్ వేళ్ళ మీద మళ్ళీ కూడుకున్నాడు. ఎక్కడా వేయలేదు.

కోడలు ఇంకా పాలిపోయే ఉంది. తోకయ్య రెండో అనుమానం ఆమె మీద. తోట పోతే ఆమెకు పీడ పోతుంది కదా!

"అత్తగారి తోటంటే మీకు గిట్టదట," అంది ఆరాలమ్మ సూటిగా.

"తోటంటే ఎందుకు గిట్టదండీ? కడగకపోవడం గిట్టదు. రోజంతా బ్యాక్టీరియాను గాజు పళ్ళేల్లో పెంచి చూసే ఉద్యోగం నాది. 'తెంచింది తెంచినట్టే తినండి, మా తోటలో విషం లేదు, కడిగితే రుచి పోతుంది' అని అత్తయ్య వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెబుతారు. ఈ బీటీకి ఆహారాన్ని పాడుచేసే బ్యాక్టీరియా ఒకటి దగ్గరి బంధువు. నా భయం నాకుండదా? మిగిలిన ఆకులు మా ల్యాబ్‌కు తీసుకెళ్ళి చూశాను. బీటీ ఉంది."

"చల్లినది కనిపించింది. చల్లనిదాని కోసం చూశారా?"

"చల్లనిదా?" కోడలు కనుబొమలు ముడిచింది. "లేదు. దేనికోసమని చూస్తాను?"

"ఐస్‌క్రీం కరిగేలోపు మనిషిని పడగొట్టడం బ్యాక్టీరియా వల్ల అవుతుందా, అమ్మాయ్?"

"అంత తొందరగా... నాకూ అదొక్కటే మింగుడుపడలేదండీ," అంది కోడలు మెల్లగా.

మూడో అనుమానితుడు పక్కింటి టైలరు. కీరా ముక్క తినడమే తన తప్పని, ఆ రోజు నుంచీ సూదిలో దారం ఎక్కించాలన్నా కళ్ళు తిరుగుతున్నాయని వాపోయాడు. ఆయనకు తోట లేదు, పగ లేదు, ఆకలి మాత్రమే ఉంది. తోకయ్యకు ఆయన మీద సోదరభావం కలిగి అనుమానం పోయింది. దాంతో అతని దగ్గర అనుమానితులు అయిపోయారు.

మేడ మీదికి వెళ్ళారు. కుండీలు బడిపిల్లల్లా వరుసకట్టి ఉన్నాయి. ఆరాలమ్మ మోకాళ్ళ మీద కూర్చుని భూతద్దం పెట్టి ఆకులు తిరగేసింది. మిరప ఆకుల కింద పేనుబంక నల్లగా ఎండిపోయి ఉంది. దాన్ని తినడానికి వచ్చే అక్షింతల పురుగులు కూడా నల్ల చుక్కల ఎర్రటి వీపులు కిందికి పెట్టి చచ్చి పడి ఉన్నాయి. వాటిని చూసి ఆరాలమ్మ జాలిగా చ్చొచ్చొ అంది.

మెట్ల తలుపు పక్కనే నల్ల ప్లాస్టిక్ డ్రమ్ము, దాని మీద వదులుగా ఒక మూత. లోపల చీకటిగా ఉంది, అడుగున ఏమున్నా కనిపించదు. పొడిది మట్టిరంగే గనక కలిపాక నీళ్ళు గోధుమరంగుకు తిరుగుతాయని హెడ్‌మిస్ట్రెస్ చెప్పింది. వడకట్టే గుడ్డ తాడు మీద ఆరేసి ఉంది. గుడ్డ నిండా గోధుమరంగు మరకలు, నేతలో ఇరుక్కున్న సన్నటి పీచులు.

"ఈ పీచులేమిటి?"

"గాలికి ఎగిరొచ్చిన ఎండుగడ్డేమో. ఈసారి చాలా వచ్చింది. తడిసిన కాగితపు ముక్కలు కూడా ఉంటే ఎరువు గుంటలో పడేశాను."

ఆరాలమ్మ ఆ గుడ్డను తీసి సంచిలో పెట్టుకుంది. తర్వాత నీళ్ళ ట్యాంకు వెనక్కి నడిచింది. అక్కడొక కుర్చీ ఉంది. మేడ మీద గాలీ వెలుతురూ ఉన్న చోటు బోలెడంత ఉండగా, ఆ కుర్చీ మాత్రం ట్యాంకు చాటున, గోడకు ముఖం పెట్టుకుని ఉంది.

"ఇది ఎవరి సింహాసనం?"

"మావారిదండీ. సాయంత్రాలు కాసేపు మంచి గాలి పీల్చుకుంటారు," అంది హెడ్‌మిస్ట్రెస్ అభిమానంగా.

"గోడలోంచి వస్తుందా గాలి?" అని మాత్రం అని ఆరాలమ్మ వెనక్కి తిరిగింది. "సాయంత్రం బండి వచ్చేలోపు అందర్నీ ఇక్కడికే పిలవండి. తోకయ్యా, మనం ఈలోపు ఏదైనా తిందాం."

"సలాడ్ కాకుండా," అన్నాడు తోకయ్య.

సాయంత్రం మేడ మీద అందరూ చేరారు. కొడుకు గడియారం చూసుకుంటున్నాడు. బండి తెచ్చిన కూలీలిద్దరు మెట్ల మీద కూర్చున్నారు. టైలరు కుండీలకు వీలైనంత దూరంగా నిలబడ్డాడు. గార్డుగారు కొత్త లవంగం నోట్లో వేసుకుని భార్య పక్కన కాపలాకాస్తున్నాడు.

"ఎవరూ నన్ను అడగనిదీ, నేను పొద్దుట్నుంచీ అడుగుతున్నదీ ఒకటే," అని మొదలుపెట్టింది ఆరాలమ్మ. "పేనుబంకను చంపిందెవరు?"

కొడుకు ఆకాశం వైపు చూశాడు.

"చూడు బాబూ. బీటీ పొడి గొంగళి పురుగుల్ని చంపుతుంది. పేనుబంక దాని జోలికి రాదు, అది పేనుబంక జోలికి పోదు. షాపు ముందు క్యాబేజీ మీద ఇవాళ్టికీ పేనుబంక రాజ్యమేలుతోంది. మరి మీ మేడ మీద పేనుబంక చచ్చింది. దాన్ని తినే అక్షింతల పురుగూ చచ్చింది. ఐస్‌క్రీం వచ్చేలోపు మీరు ముగ్గురూ చెమటలు పట్టి కూలబడ్డారు. అంటే ఆ డ్రమ్ములో బీటీ కాకుండా ఇంకేదో ఉంది. మీ ఆవిడ ఆకుల మీద బీటీని చూసిన మాట నిజం. ఊళ్ళో దొంగతనం జరిగిన రోజు ఊళ్ళో ఉన్నవాడల్లా దొంగవుతాడా?"

సంచిలోంచి గుడ్డ తీసింది. "ఇప్పుడు తలా ఒకసారి దీని వాసన చూడండి. ఏమిటో చెప్పండి."

కొడుకు చూసి ఎండుగడ్డి అన్నాడు. టైలరు దూరం నుంచే తడిసిన గోనెసంచి అన్నాడు. కోడలు రెండుసార్లు చూసి, ఎక్కడో తెలిసిన వాసనే గానీ గుర్తు రావడం లేదంది. హెడ్‌మిస్ట్రెస్ ఎరువు అంది. తోకయ్యకు కాల్చిన రొట్టె వాసన వచ్చింది, కానీ అతనికి మధ్యాహ్నం నుంచి అన్నిట్లోనూ అదే వాసన వస్తోంది.

గుడ్డ గార్డుగారి దగ్గరికి వచ్చింది. ఆయన వద్దన్నట్టు చేయి అడ్డం పెట్టాడు గానీ ముక్కు మాట వినలేదు. ఒక్కసారి పీల్చాడు. కళ్ళు వాటంతటవే మూతలు పడ్డాయి. ముఖంలో ఏళ్ళ తర్వాత సొంత ఊరి స్టేషను చూసినంత వెలుగు వచ్చింది. ఇంకోసారి, ఇంకా గట్టిగా పీల్చాడు. కళ్ళు తెరిచేసరికి అందరూ తననే చూస్తున్నారు.

"నేనేం చేయలేదు," అన్నాడు. ఎవరూ ఇంకా ఏమీ అనలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఏమిటో తోకయ్య ఆ రోజే కళ్ళారా చూశాడు.

"పొగాకు," అంది ఆరాలమ్మ. "సిగరెట్లు చుట్టుకునే పొగాకు, పొట్లానికి పొట్లం. రోజంతా నీళ్ళలో నానితే పేనుబంకనే కాదు, మనుషుల్నీ పడగొడుతుంది. కడగని ఆకుల మీదుగా అది మీ కడుపుల్లోకి వెళ్ళింది. అలవాటు లేని ముగ్గురూ తూలారు. రెండుసార్లు వడ్డించుకున్న ఈయన మాత్రం గుండ్రాయిలా ఉన్నారు. ఎందుకంటే ఈయన ఒంటికి అది రోజూ వచ్చిపోయే చుట్టం. అందుకే ఆ లవంగాలు. అందుకే గోడవైపు కుర్చీ. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, పేనుబంక పట్టించింది."

హెడ్‌మిస్ట్రెస్ నెమ్మదిగా భర్త వైపు తిరిగింది. ఆ నెమ్మదికి కూలీలు కూడా లేచి నిలబడ్డారు.

"మనవరాలి తల మీద చేయిపెట్టి మానేశానన్నారు."

"మానేశానే! మానేశాక మళ్ళీ..." గార్డుగారి గొంతులో జెండా వాలిపోయింది. "నువ్వు డ్రమ్ములో నీళ్ళు పట్టిన సాయంత్రం, నువ్వు మళ్ళీ మెట్లెక్కుతున్న చప్పుడైంది. చేతిలో పొట్లం. ఏం చేయాలో తోచక డ్రమ్ములో పడేశాను. మర్నాడు రాత్రి చూస్తే లేదు. నువ్వే కనిపెట్టి తీసేశావనుకున్నాను. తీసి కూడా పల్లెత్తు మాట అనలేదే, ఎంత గొప్ప మనసు నీదని పొంగిపోయాను. ఆ పొంగులోనే రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను. నిజం! అది ఆకుల మీదికి వచ్చిందని తెలిస్తే నిన్ను ఒక్క మాట పడనిస్తానా?"

"నేను కనిపెట్టి ఊరుకున్నాననుకున్నారా? నేను?"

ఆ మాటకు కొడుకుతో సహా ఎవరూ ఆయన్ను సమర్థించలేకపోయారు. టైలరు ముందుగా పక్కున నవ్వాడు. తర్వాత కోడలు. కోపంతో ఎర్రబడ్డ హెడ్‌మిస్ట్రెస్ కూడా చివరికి నవ్వూ ఏడుపూ కలిపి కళ్ళజోడు తీసేసింది.

"చూశావా, నా తోటలో విషం లేదు," అంది కొడుకుతో, గెలిచినట్టు.

"ఆగండి టీచరుగారూ," అంది ఆరాలమ్మ. ఈసారి ఆమె గొంతులో నవ్వు లేదు. "మీ పొడి తప్పు చేయలేదు. మీరు చేశారు. కడగమని ఆ డబ్బా మీదే రాసి ఉంది. ప్రకృతిలోంచి వచ్చిందల్లా మంచిదేననుకున్నారు. పొగాకు మాత్రం ఎక్కడి నుంచి వచ్చింది? అదీ ఆకే. డ్రమ్ములో పొగాకు పడటం మీ చేతిలో లేదు. కుళాయి తిప్పడం మీ చేతిలోనే ఉంది. కడిగినంత మాత్రాన అంతా పోయేదని నేననను. ఇంతమంది ఇంతగా పడేవాళ్ళు మాత్రం కాదు. ఇప్పుడున్న కాయలూ ఆకులూ అన్నీ పారేయండి, డ్రమ్ము మార్చండి. తోట ఉంచాలో దించాలో ఆ తర్వాత మీ ఇష్టం."

నలభై ఏళ్ళలో హెడ్‌మిస్ట్రెస్‌కు తప్పు చూపించినవాళ్ళు లేరు కాబోలు, ఎలా ఒప్పుకోవాలో ఆవిడకు తెలియలేదు. కోడలే దగ్గరికి వచ్చింది. "ఆకుల మీద బీటీ కనిపించగానే ఇంకేమీ వెతకలేదు అత్తయ్యా. మీరే చేశారని తేల్చేశాను. నాదీ తప్పే," అంది.

అప్పుడే బడి సంచి భుజాన వేసుకుని మనవరాలు మెట్లెక్కి వచ్చింది. వీధి గేటు పక్కన, మందు ముఖమే చూడని కుండీలోంచి తెంచిన టమాటా దాని చేతిలో ఉంది. అంతమందిని చూసి ఆగిపోయింది. నానమ్మ వైపు చూసింది, అమ్మ వైపు చూసింది. టమాటాను వీపు వెనక్కి దాచుకుంది.

"గేటు దగ్గరిదే కదా, తిను తల్లీ. నానమ్మ చేత్తో తిను," అంది తల్లి.

పిల్ల ముఖం విప్పారింది. పరుగెత్తుకెళ్ళి టమాటాను నానమ్మ చేతిలో పెట్టి, నోరు తెరిచి నిలబడింది. ఎప్పుడూ అలాగే తింటుంది గదా.

టమాటా పిల్ల నోటిదాకా వెళ్ళి ఆగింది. హెడ్‌మిస్ట్రెస్ దాని వంక ఒక్క క్షణం చూసింది.

"ఉండమ్మా," అంది. "నానమ్మ ముందు కడుగుతుంది."

కుళాయి దగ్గరికి వెళ్ళి, అంతమంది ముందు, జీవితంలో మొదటిసారి తన తోట కాయను తన చేతులతో కడిగింది. తొడిమ దగ్గర వేలితో రుద్ది మరీ కడిగింది. కోడలు వెళ్ళి ఆమె పక్కన నిలబడి, తడి తుడవడానికి తన రుమాలు ఇచ్చింది. పిల్ల టమాటా కొరికితే రసం గడ్డం మీదికి కారింది. అది పూర్తిగా తినేదాకా హెడ్‌మిస్ట్రెస్ దాని ముఖం మీంచి చూపు తిప్పలేదు. కొడుకు కూలీలతో మాట్లాడి బండిని ఖాళీగా పంపేశాడు.